ఉక్కు తాళం, కలపు గొట్టం

1972లో న్యూయార్కులోని గ్రీనిచ్ విలేజిలో ఒక సైకిలును వీధి స్తంభానికి బంధించి ముప్పది దినాలు వదలివేశారు. అది క్రిప్టోనైట్ సంస్థవారి 'యు' ఆకారపు తాళానికి పరీక్ష. దొంగలు ఊడివచ్చిన భాగాలన్నీ పట్టుకుపోయారు. తాళం మాత్రం తెగలేదు.

ఉక్కును ఎర్రగా కాల్చి హఠాత్తుగా చల్లార్చినప్పుడు కర్బన పరమాణువులు ఇనుప స్ఫటికంలో చిక్కుకొని దానిని ఱంపానికి లొంగనంత కఠినం చేస్తాయి. మన కమ్మరి కొడవలిని కాల్చి నీట ముంచేదీ ఇందుకే. కాఠిన్యంతోపాటు పెళుసుదనమూ వస్తుంది. కనుక మరల కొంత వేడిచేసి దానిని తగ్గిస్తారు.

ఇంత జాగ్రత్తా 2004లో ఒక బాల్‌పెన్ను గొట్టం ముందు వ్యర్థమైంది! గుండ్రని తాళపు రంధ్రంలోనికి నొక్కగా, మెత్తని ప్లాస్టిక్కు లోపలి సూదుల అమరికకు తగినట్లు అణగి, తాళంచెవివలె తిరిగింది. సంస్థ ఆ తాళాలను ఉచితంగా మార్చి ఇవ్వవలసి వచ్చింది.

నేటి దొంగకు బ్యాటరీ గ్రైండరున్నది. దాని చక్రంలో సాధారణంగా ఉండే అల్యూమినియం ఆక్సైడు, అనగా కెంపులోని పదార్థమే, ఎంతటి కఠినమైన ఉక్కునైనా కోయగలదు. కనుక తాళం కొనిపెట్టేది కొన్ని నిమిషాల వ్యవధిని మాత్రమే. చట్రాన్నీ వెనుక చక్రాన్నీ కలిపి, నేలలో గట్టిగా పాతిన స్తంభానికి, మీట దూర్చే సందు మిగలకుండా బిగించినచో ఆ వ్యవధి పెరుగుతుంది. ముందు చక్రానికి మాత్రమే తాళం వేసిన విద్యార్థి సాయంత్రం ఆ చక్రాన్నే చేతబట్టుకొని ఇంటికి నడుస్తాడు.