ఏసీలో గ్యాస్ అయిపోదు, కారిపోతుంది

ఏప్రిల్ నెల. పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటగానే విజయవాడలోనైనా, వరంగల్‌లోనైనా చాలా ఇళ్లలో ఒకే దృశ్యం కనిపిస్తుంది. ఆరు నెలలుగా ముట్టుకోని ఏసీని ఆన్ చేస్తారు. గాలి వస్తుంది గానీ చల్లదనం ఉండదు. కబురు పెడితే మెకానిక్ వచ్చి, పది నిమిషాలు చూసి, "గ్యాస్ అయిపోయింది సార్, నింపాలి" అంటాడు. వేలల్లో బిల్లవుతుంది. గది చల్లబడుతుంది. మళ్లీ ఏడాదికి అదే మాట, అదే బిల్లు.

వంటగ్యాస్ సిలిండర్‌కు అలవాటుపడిన మనకు ఈ మాటలో తప్పేమీ తోచదు. పొయ్యి కింద మండే గ్యాస్ అయిపోతుంది కాబట్టి ఏసీలోదీ అలాగే అయిపోతుందనుకుంటాం. కానీ ఏసీలో గ్యాస్ మండదు, ఖర్చు కాదు. ఫ్యాక్టరీలో తూచి నింపిన గ్యాసే ఆ యంత్రం పనిచేసినంత కాలం రాగి గొట్టాల్లో తిరుగుతూ ఉండాలి. అది తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఆ కారే చోటును వదిలేసి గ్యాస్ నింపడమంటే, చిల్లు పడిన బిందెలో నీళ్లు పోయడమే.

కుండ సూత్రమే, కానీ మూత బిగించి

వేసవిలో మట్టికుండలో నీళ్లు చల్లగా ఎందుకుంటాయో చాలామందికి తెలిసిందే. కుండ గోడల్లోని సన్నని రంధ్రాల గుండా బయటికి చెమర్చిన నీరు ఆవిరవుతూ, అందుకు కావలసిన వేడిని లోపలి నీటి నుంచి లాక్కుంటుంది. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఏసీ పనిచేసేదీ ఈ సూత్రం మీదే. తేడా ఒక్కటే. కుండలోంచి ఆవిరైన నీరు గాలిలో కలిసిపోతుంది, అందుకే మళ్లీ పోయాల్సి వస్తుంది. ఏసీలో ఆవిరైన పదార్థాన్ని పట్టుకుని, తిరిగి ద్రవంగా మార్చి మళ్లీ వాడతాం.

నేటి ఇళ్లలోని చాలా ఏసీల్లో ఉండే ఆర్-32 అనే శీతలకారి మామూలు వాతావరణ పీడనం వద్ద మైనస్ 52 డిగ్రీల సెల్సియస్‌ దగ్గరే మరుగుతుంది. గదిలోని ఇండోర్ యూనిట్ కాయిల్‌లో, తగిన పీడనం వద్ద, ఇది సుమారు 5 నుంచి 10 డిగ్రీల మధ్య ఆవిరవుతూ గదిలోని వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ గట్టిగా నొక్కి, బయటి గాలి కంటే వేడిగా చేస్తుంది. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉష్ణోగ్రత నుంచి తక్కువ వైపే ప్రవహిస్తుంది కాబట్టి, 42 డిగ్రీల ఎండలోకి వేడిని వదలాలంటే బయటి కాయిల్ అంతకంటే వేడిగా, 50 డిగ్రీలకు పైన ఉండాలి. అక్కడ వేడి కోల్పోయిన శీతలకారి తిరిగి ద్రవమై, పీడనం తగ్గించుకుని, మళ్లీ గదిలోని కాయిల్‌కు చేరుతుంది.

ఏసీ పరిమాణాన్ని టన్నుల్లో చెప్పడం మంచుగడ్డల కాలం నాటి అలవాటు. దాదాపు 907 కిలోల మంచు (ఒక అమెరికన్ టన్ను) 24 గంటల్లో కరిగితే ఎంత వేడిని పీల్చుకుంటుందో అదే ఒక టన్ను సామర్థ్యం. అది సుమారు 3.5 కిలోవాట్లు. ఆ లెక్కన ఒకటిన్నర టన్ను ఏసీ గది నుంచి 5.3 కిలోవాట్ల వేడిని తోడిపోస్తుంది. కంప్రెసర్ వాడుకునే సుమారు 1.5 కిలోవాట్ల విద్యుత్తు కూడా చివరికి వేడిగానే మారి బయటికి పోవాలి. అంటే బాల్కనీలోని ఆ పెట్టె దాదాపు 7 కిలోవాట్ల వేడిని నిరంతరం బయటికి ఊదాలి. దాని దారికి ఏది అడ్డొచ్చినా భారం పడేది కంప్రెసర్ మీదే.

దుమ్ముతో మొదలై కంప్రెసర్ దాకా

ఏసీ చల్లగా లేదంటే గ్యాస్ తగ్గడం ఒక కారణం మాత్రమే. అంతకంటే మామూలుగా కనిపించేది దుమ్ము. ఇండోర్ యూనిట్ ఫిల్టర్ మూసుకుపోతే కాయిల్ మీదుగా వెళ్లే గాలి తగ్గుతుంది. లోపలి శీతలకారికి అందాల్సిన వేడి అందదు. కాయిల్ ఉష్ణోగ్రత పడిపోయి సున్నాకు దిగువకు చేరితే, గాలిలోని తేమ దానిపై మంచుగా గడ్డకడుతుంది. ఆ మంచు గాలిని మరింత అడ్డుకుంటుంది, మరింత మంచు పేరుకుంటుంది. చివరికి పూర్తిగా ఆవిరికాని ద్రవం కంప్రెసర్‌లోకి చేరుతుంది. ఆవిరిని నొక్కడానికి తయారైన యంత్రం ద్రవాన్ని నొక్కలేదు, లోపలి భాగాలు దెబ్బతింటాయి. కంప్రెసరే ఏసీలో అత్యంత ఖరీదైన భాగం. పది నిమిషాల్లో కడిగేయగల ఫిల్టర్‌ను పట్టించుకోకపోతే నష్టం అక్కడి దాకా వెళుతుంది.

బయటి కాయిల్‌ది మరో కథ. దాని రేకుల మధ్య దుమ్ము, పావురాల ఈకలు చేరినా, ఎదురుగా సామాను అడ్డుపెట్టినా వేడి బయటికి పోదు. అప్పుడు శీతలకారి పీడనం పెరుగుతుంది, దాన్ని నొక్కడానికి కంప్రెసర్ మరింత కరెంటు లాగుతుంది. బిల్లు పెరుగుతుంది, మోటారు వేడెక్కుతుంది. నడిమధ్యాహ్నం ఏసీ దానంతటదే ఆగిపోవడానికి ఇదొక కారణం. విశాఖపట్నం వంటి తీర నగరాల్లో ఉప్పుగాలి ఈ అల్యూమినియం రేకులను తినేస్తుంది కాబట్టి శుభ్రత మరింత ముఖ్యం.

గ్యాస్ నిజంగా తగ్గినా ప్రమాదం కంప్రెసర్‌కే. తిరిగివచ్చే చల్లని ఆవిరే చాలా కంప్రెసర్లలో మోటారును చల్లబరుస్తుంది, కందెన నూనెను వెనక్కి మోసుకొస్తుంది. గ్యాస్ తగ్గితే ఈ రెండూ కుంటుపడతాయి.

కారిన గ్యాస్ ఎక్కడికి పోతుంది?

నష్టం ఇంటి ఖర్చుతో ఆగదు. ఆర్-32 ఓజోన్ పొరకు హాని చేయదు గానీ, వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 675 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. ఆర్-410ఏ విషయంలో ఆ సంఖ్య 2,000 దాటుతుంది. పాత ఏసీల్లోని ఆర్-22 కూడా దాదాపు 1,800 రెట్ల ప్రభావం చూపుతూ, ఓజోన్‌నూ దెబ్బతీస్తుంది. అర కిలో ఆర్-32 కారిపోతే అది సుమారు 340 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. లీటరు పెట్రోలు మండితే 2.3 కిలోలు వెలువడుతుందనుకుంటే, ఇది దాదాపు 145 లీటర్ల పెట్రోలు కాల్చినంత.

ఈ వాయువుల వాడకాన్ని తగ్గించేందుకు 2016లో కుదిరిన కిగాలీ సవరణను భారత్ 2021లో ఆమోదించింది. అంతకుముందే, 2019లో విడుదలైన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక లక్ష మంది సర్వీసింగ్ టెక్నీషియన్లకు శిక్షణ ఇవ్వాలని లక్ష్యంగా పెట్టుకుంది. కారణం స్పష్టమే. కారే చోటును మూయకుండా ఏటా గ్యాస్ నింపే ప్రతి ఇల్లూ దాన్ని నేరుగా వాతావరణంలోకి పంపుతున్నట్టే.

అద్దె ఇల్లు మారేటప్పుడు ఈ నష్టం ఎక్కువ. ఏసీ విప్పే ముందు గ్యాస్ మొత్తాన్ని అవుట్‌డోర్ యూనిట్‌లోకి చేర్చి కవాటాలు మూయాలి. దీన్నే 'పంప్ డౌన్' అంటారు. తొందరలో గొట్టం విప్పేస్తే గ్యాస్ బుస్సుమని పోతుంది. కొత్త ఇంట్లో జాయింట్లు సరిగా బిగించకపోతే కారడం అక్కడే మొదలవుతుంది. ఆర్-32కు కొద్దిపాటి మండే గుణం ఉంది, కొన్ని ఏసీల్లో వాడే ఆర్-290 అంటే ప్రొపేన్, సులువుగా మండుతుంది. గొట్టాల్లోకి గాలి చొరబడినప్పుడు కంప్రెసర్ నడిపితే, అధిక పీడనం వద్ద నూనె ఆవిరితో కలిసి పేలుడు జరిగే ప్రమాదం కూడా ఉంది. అందుకే గ్యాస్ పని శిక్షణ ఉన్నవారే చేయాలి.

ఇంట్లో చేయగలిగింది, అడగాల్సింది

ముందుగా మెయిన్ స్విచ్ ఆపి, ఫిల్టర్లు తీసి, మామూలు నీటితో కడిగి, నీడలో ఆరబెట్టాలి. వాడకం ఎక్కువున్న వేసవిలో రెండు వారాలకోసారి ఈ పని చేస్తే చాలు. అవుట్‌డోర్ యూనిట్‌పై నేరుగా ఎండ పడకుండా నీడ ఉంటే మంచిదే గానీ, చుట్టూ మూసేయకూడదు. నీటిగొట్టంలో నాచు, మురికి పేరుకుంటే నీళ్లు గదిలోకి కారుతాయి. తీరప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఈ నీరూ ఎక్కువే. చలికాలానికి ఏసీ ఆపేసే ముందు గంటసేపు ఫ్యాన్ మోడ్‌లో నడిపితే కాయిల్ ఆరి, బూజు పట్టదు. సర్వీసింగ్ ఫిబ్రవరిలోనే చేయించుకుంటే, తీరిక ఉన్న మెకానిక్ జాగ్రత్తగా చూస్తాడు.

గ్యాస్ తగ్గిందో లేదో తేల్చడానికి ముందు ఒక చిన్న పరీక్ష ఉంది. శుభ్రమైన ఫిల్టర్‌తో ఏసీని 15 నిమిషాలు నడిపి, లోపలికి పోయే గాలి, బయటికొచ్చే గాలి ఉష్ణోగ్రతలను మామూలు థర్మామీటర్‌తో కొలవాలి. తేడా సాధారణంగా 8 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంటుంది. గాలిలో తేమను బట్టి ఇది కొంత మారవచ్చు. తేడా బాగా ఉన్నా గది చల్లబడకపోతే లోపం గ్యాస్‌లో కాక తలుపు సందుల్లోనో, పైకప్పు వేడిలోనో ఉండొచ్చు.

మెకానిక్ గ్యాస్ నింపాలంటే, "లీక్ ఎక్కడుంది?" అని అడగాలి. జాయింట్ల దగ్గర నూనె మరకలు, సబ్బునురగకు వచ్చే బుడగలు ఆ చోటును పట్టిస్తాయి. దాన్ని సరిచేశాక నైట్రోజన్‌తో పీడనం పరీక్షించి, వాక్యూమ్ పంపుతో గాలినీ తేమనూ తీసేసి, యూనిట్‌పై ముద్రించిన బరువు ప్రకారం కాటాపై తూచి గ్యాస్ నింపాలి. తేమ మిగిలితే నూనెతో కలిసి ఆమ్లాలు ఏర్పడి లోపలి భాగాలను తినేస్తాయి. ఈ పనికి ఆ రోజు గంటో రెండు గంటలో ఎక్కువ పడుతుంది, ఖర్చూ కొంచెం ఎక్కువే అవుతుంది. కానీ వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ అదే బిల్లు కట్టాల్సిన పని ఉండదు.