కారులో కాలిన వాసన వస్తే

ప్రయాణం ముగించి కారు దిగగానే కాలిన వాసన వస్తే తేలికగా తీసుకోకండి. ముందు ఇంజను ఆపి, పిల్లలతో సహా అందరినీ దూరంగా పంపండి. బానెట్ సందుల్లోంచి పొగ వస్తుంటే దాన్ని తెరవకండి. గాలి తగిలి మంట లేస్తుంది.

వాసననుబట్టే లోపం తెలుస్తుంది. ఒక్క చక్రం దగ్గరే వేడి, ఘాటు వాసన ఉంటే బ్రేకు పట్టేసినట్లు. ఎత్తు ఎక్కాక వస్తే క్లచ్ ప్లేటు కాలుతోంది. పెడల్‌పై కాలు ఆనించి నడపకండి. నూనె మాడినట్లుంటే ఇంజనాయిల్ కారుతోంది. ప్లాస్టిక్ వాసనైతే వైరింగు; కారు కదపక మెకానిక్కును పిలిపించండి.

నూర్పిడికి రోడ్డుపై పరచిన ఉలవ పంట మీదుగా వచ్చారా? అది కారు అడుగున చుట్టుకొని, సైలెన్సరు వేడికి అంటుకుంటుంది. దాటగానే ఆపి, వంగి చూసి, కర్రతో లాగేయండి. కారు పోతే సంపాదించుకోవచ్చు. లోపల కూర్చున్నది మన పిల్లలు.