నైట్ డ్యూటీ, నిద్ర, మందు కల్లు: కొన్ని అపోహలు

2021 మే నెలలో కొవిడ్ రెండో వేవ్ ఉధృతంగా ఉన్నప్పుడు తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే జరిగింది. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు గడప గడపకూ వెళ్లి జ్వరముందా, దగ్గుందా అని అడిగారు, మందుల కిట్లు పంచారు. వాళ్లకు రాత్రి కన్ను మూతపడుతోందా అని అడిగినవాళ్లు తక్కువ. కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా దవాఖాన సిబ్బంది నిద్ర గురించి జనం అనేసే మాటలు కొన్నున్నాయి. మళ్లీ ఏ మహమ్మారి వచ్చినా అవే వినబడతాయి.

అపోహ: దవాఖానలో పనిచేసేవాళ్లకు రోగాలు కొత్తా? నిద్ర పట్టలేదంటే ధైర్యం చాలనట్టే.

వాస్తవం: 2020 ఆరంభంలో చైనాలోని 34 ఆసుపత్రుల్లో 1,257 మంది సిబ్బందిని ప్రశ్నిస్తే, సగం మందిలో కుంగుబాటు లక్షణాలు, మూడో వంతు మందిలో నిద్రలేమి బయటపడ్డాయి. కొవిడ్ రోగులను దగ్గరుండి చూసినవాళ్లలో ఇవి ఇంకా ఎక్కువ. ఇంట్లో ముసలి అత్తమామలను, పసిపిల్లలను పెట్టుకుని వార్డుకెళ్లే సిస్టర్‌కు ఆ రోగం ఏం చేయగలదో మనకంటే బాగా తెలుసు. ఆ తెలియడమే నిద్ర పట్టనివ్వదు. పైగా నిద్రలేమి కుంగుబాటును పెంచుతుంది, కుంగుబాటు నిద్రను చెడగొడుతుంది.

అపోహ: నాలుగు నైట్లు చేస్తే ఒంటికి అదే అలవాటవుతుంది.

వాస్తవం: చాలామందికి పూర్తిగా అలవాటు కాదు. ఒంట్లోని గడియారం వెలుతురును చూసి నడుస్తుంది. పొద్దున డ్యూటీ దిగి ఎండలో ఇంటికి చేరేసరికి దానికి తెల్లారినట్టే. ఆపైన వంట, పిల్లలు, చుట్టాలు. పగటి నిద్ర పొట్టిగా, ముక్కలుగా సాగుతుంది.

అపోహ: రెండు సీసాల కల్లో, ఓ నిద్రమాత్రో వేసుకుంటే సరి.

వాస్తవం: మన వైపు ఈ ముచ్చట కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మద్యం తొందరగా నిద్రపుచ్చినట్టే ఉంటుంది కానీ, అర్ధరాత్రి దాటాక ఆ నిద్రను చెడగొడుతుంది. మందు కల్లు సంగతి వేరే. ఆల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు కామారెడ్డి జిల్లాకు కొత్త కాదు. అంటే దవాఖాన అల్మారాలో తాళం వేసి పెట్టే మందే కల్లు దుకాణంలో కొలత లేకుండా దొరుకుతోందన్నమాట. కొన్ని వారాలు రోజూ పుచ్చుకుంటే ఒళ్లు దానికి బానిసవుతుంది, ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛలు వస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం, కల్లు ఆగిపోగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటివాళ్ల రాక ఒక్కసారిగా పెరిగింది. మద్యం మీద మాత్ర వేసుకుంటే శ్వాసే మందగించవచ్చు. ఈ మందులు ఎరిగిన సిబ్బంది సొంతంగా వాడుకోవడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే అడ్డుచెప్పే వాళ్లుండరు.

వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిద్ర కరువైతే అది దీర్ఘకాలిక నిద్రలేమి. దానికి మొదటి చికిత్స మాత్ర కాదు, నిద్ర వేళలనూ ఆలోచనలనూ సరిచేసే కౌన్సెలింగ్. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అయితే డ్యూటీ చార్టు మార్చకుండా కౌన్సెలింగ్ ఒక్కటే ఇస్తే అది సగం వైద్యమే. వరుస నైట్లు తగ్గించడం, మధ్యలో కాసేపు కునుకుకు వీలివ్వడం అధికారుల చేతిలో పని.

అపోహ: డ్యూటీ అయిపోయింది కదా, ఇంటికెళ్లే పడుకోవచ్చు.

వాస్తవం: పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడితో సమానంగా పడిపోతుందని 1997లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. మన చట్టంలో తాగి నడిపినట్టు లెక్కగట్టే హద్దు 30. కామారెడ్డి నుంచి 44వ నంబరు హైవే మీద బండెక్కేముందు వార్డు పక్క గదిలో ఇరవై నిమిషాలు కునుకు తీయాలి. అదీ కుదరకపోతే బండి అక్కడే పెట్టి బస్సెక్కాలి.