ఇంటికొచ్చే పశువుల డాక్టరు

బాలానగర్ ఫ్యాక్టరీల పేట. ఇళ్లు ఇరుకు. అయినా కొందరు కుక్కని పెంచుకుంటారు. దానికి జబ్బు చేస్తే చాలామంది ఆటోవాళ్లు ఎక్కించుకోరు. పల్లెల్లో పశువుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2017లో సంచార వైద్య బండ్లు పెట్టింది. వాటి ఫోను నంబరు 1962. పట్నంలో అయితే ఫోను చేస్తే ఇంటికొచ్చే ప్రైవేటు డాక్టర్లు ఉన్నారు. ఫీజు ఎంతో ముందే అడగాలి.

డాక్టరు వచ్చేలోగా పిల్లల్ని దూరంగా ఉంచాలి. కుక్క నోరు మూయలేదు. చొంగ కారుస్తుంది. నీళ్లు మింగలేదు. "అయ్యో, గొంతులో ఎముక అడ్డం పడింది" అనుకుంటారు. నోట్లో చెయ్యి పెడతారు. ప్రమాదం అక్కడే ఉంది! పిచ్చికుక్క జబ్బు వచ్చినా అలాగే ఉంటుంది. దాన్నే రేబిస్ అంటారు. అది మనిషిలో బయటపడితే బతకడం దాదాపు ఉండదు.

అందుకే కుక్క కరిచినా, గీరినా, పుండుకి చొంగ తగిలినా సబ్బు రాసి, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం పెట్టకూడదు. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ సూదులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు చేతికే వేస్తారు. చెప్పిన అన్ని రోజులూ వెళ్లాలి.

కుక్కపిల్లకి మూడో నెలలో రేబిస్ టీకా వేయించాలి. ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు మళ్లీ వేయించాలి. ఏటా జులై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు. టీకా కార్డులో మళ్లీ వేయించాల్సిన తేదీ రాసి ఉంటుంది. ఆ కార్డుని రేషను కార్డుతో పాటు దాచుకోవాలి.