కొత్త ల్యాప్‌టాప్ కొన్నారా? చదువుకి అక్కర్లేని సినిమాలు, గేములు, వార్తలు మొదటి రోజే ఆపేయొచ్చు

విశాఖలో ఇంజనీరింగ్, డిగ్రీ సీట్లు ఖరారయ్యే రోజుల్లో కంప్యూటర్ షాపుల్లో పిల్లల కంటే తల్లిదండ్రులే ఆందోళనగా కనిపిస్తారు. స్టీల్ ప్లాంట్ కాంట్రాక్టు పనిలోనో, పోర్టులోనో, సొంత చిన్న దుకాణంలోనో కూడబెట్టిన 40 వేలో 50 వేలో ఒక్కసారిగా పెట్టి కొనే వస్తువు మరి. తీరా ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే స్క్రీన్ మీద సినిమా వార్తలు, గేముల ప్రకటనలు, పాటల యాప్‌లు. "చదువుకోమని కొన్నదాంట్లో ఇవన్నీ ఎవరు పెట్టారు బేటా?" అని అమ్మీ అడిగితే పిల్లవాడి దగ్గర జవాబు ఉండదు. వాడు పెట్టలేదు కూడా.

పెట్టింది విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్ట్, ఆ తర్వాత ల్యాప్‌టాప్ కంపెనీ. విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి ఇప్పుడు షాపుల్లో దొరికేది విండోస్ 11. అందులో వార్తల పట్టీ, గేమ్ యాప్‌లు, వీడియో ఎడిటర్ ముందే ఉంటాయి. వాటికి తోడు ల్యాప్‌టాప్ కంపెనీ డబ్బు తీసుకుని వేసే ట్రయల్ సాఫ్ట్‌వేర్లు. దాదాపు అన్నీ తీసేయొచ్చు లేదా ఆపొచ్చు. దానికి ఇంజనీర్ అక్కర్లేదు, ఒక గంట ఓపిక చాలు.

అయితే అసలు జాగ్రత్త షాపులోనే మొదలవుతుంది. "అంకుల్, మేమే సెట్ చేసి ఇస్తాం" అంటారు షాపు కుర్రాళ్ళు. విండోస్ 11 మొదటిసారి ఆన్ చేసినప్పుడు మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. తొందరలో కుర్రాడు తన సొంత ఈమెయిల్ కొట్టేస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో ఖాతాతో లాగిన్ అవ్వగానే డిస్క్ మొత్తానికి తాళం పడుతుంది. ఆ తాళానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది, అది లాగిన్ అయినవారి ఖాతాలోకి వెళ్ళి కూర్చుంటుంది. ఏడాది తర్వాత ఏ రిపేరుకో, బయోస్ అప్‌డేట్‌కో ల్యాప్‌టాప్ ఆ కీ అడిగితే, అది ఆ కుర్రాడి ఖాతాలో ఉంటుంది. అతను అప్పటికి ఏ షాపులో ఉంటాడో! కీ లేకపోతే అందులోని ప్రాజెక్టులు, ఫోటోలు పోయినట్టే. అందుకే సీలు ఇంట్లోనే విప్పండి, లేదా షాపులో అయితే మీ ఈమెయిల్ మీ చేత్తోనే కొట్టండి. తర్వాత మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్‌లో మీ ఖాతా తెరిచి, ఆ 48 అంకెలు కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టండి. ఖాతా లేకుండా మొదలుపెట్టే అడ్డదారులు గతంలో చాలా ఉండేవి, కంపెనీ వాటిని ఒక్కొక్కటిగా మూసేస్తోంది.

సెటప్‌లో వచ్చే ప్రశ్నలకి తొందరపడి 'నెక్స్ట్' కొట్టకూడదు. లొకేషన్, ప్రకటనల ఐడీ, టైపింగ్ వివరాలు పంపడం లాంటి స్విచ్‌లు ఒక పేజీలో వరుసగా వస్తాయి, అన్నీ ముందే ఆన్ అయి ఉంటాయి. ల్యాప్‌టాప్ పోతే వెతికి పెట్టే స్విచ్ ఒక్కటి, దానికి కావలసిన లొకేషన్ ఉంచుకుంటే ఉంచుకోండి, మిగతావి ఆపేయండి. తర్వాత ఈ కంప్యూటర్ దేనికి వాడతారు అని గేమింగ్, ఎంటర్‌టైన్‌మెంట్, స్కూల్ అంటూ బొమ్మలు చూపిస్తుంది. ఏదీ ఎంచుకోకుండా 'స్కిప్' కొట్టండి. మీరు చెప్పేదాన్ని బట్టే సలహాలు, ప్రకటనలు చూపిస్తుంది కాబట్టి ఏమీ చెప్పకపోవడమే మేలు. గేమ్ పాస్, ఆఫీస్ ట్రయల్ లాంటివి అడిగితే వద్దనండి. కార్డు నంబర్ అడిగే పేజీ వస్తే అది తప్పనిసరి కాదని గుర్తుంచుకోండి.

డెస్క్‌టాప్ వచ్చాక ఇంట్లో పెద్దవాళ్ళకి ఎక్కువ ఇబ్బంది పెట్టేది వార్తల పట్టీయే. టాస్క్‌బార్ మూల మీద మౌస్ పెట్టగానే సినిమా కబుర్లు, ఫోటోలు పరుచుకుంటాయి. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్, అక్కడ 'విడ్జెట్స్' ఆపేస్తే అది పోతుంది. అదే పర్సనలైజేషన్‌లో లాక్ స్క్రీన్‌కి 'స్పాట్‌లైట్' బదులు 'పిక్చర్' పెట్టి మీకు నచ్చిన ఫోటో ఎంచుకోండి. స్టార్ట్ మెనూ పేజీలో సిఫార్సుల స్విచ్ ఆపండి. ఎడ్జ్ బ్రౌజర్‌లో కొత్త పేజీ తెరిస్తే మళ్ళీ అవే వార్తలు వస్తాయి. ఆ పేజీ మీదే ఉండే గేర్ గుర్తు నొక్కి 'కంటెంట్' ఆపాలి. చాలామంది ఈ ఒక్కటి మరిచిపోయి, "అన్నీ ఆపినా వస్తూనే ఉంది" అంటారు.

యాప్‌ల పని ఇంకా సులువు. సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి ఎక్స్‌బాక్స్, సాలిటెయిర్, క్లిప్‌చాంప్, ట్రయల్ యాంటీవైరస్ లాంటివి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ట్రయల్ యాంటీవైరస్ పోతే భయం లేదు, విండోస్‌లో ఉన్న డిఫెండర్ దానంతట అదే పని మొదలుపెడుతుంది.

ఇక్కడే కొందరు ఒక అడుగు ఎక్కువేస్తారు. అసలు మీడియానే లేని విండోస్ ఉందట కదా, అదే వేయించుకుందాం అంటారు. ఉంది, దాని పేరు 'ఎన్' ఎడిషన్. పిల్లల క్రమశిక్షణ కోసం పుట్టింది కాదది. మీడియా ప్లేయర్‌ని విండోస్‌తో కలిపి అమ్మడం మిగతా కంపెనీలకి అన్యాయం అని 2004లో యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్‌కి 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, ప్లేయర్ లేని విండోస్ కూడా అమ్మాలని ఆదేశించింది. ధర రెండింటికీ ఒకటే పెట్టడంతో దాన్ని కొన్నవాళ్ళు అంతంతమాత్రమే. ఒకే ధరకి తక్కువ సరుకు ఎవరు కొంటారు?

మన ఇళ్ళకి అది అసలే పనికిరాదు. ప్లేయర్‌తో పాటు దాని వెనకుండే మీడియా భాగాలు కూడా అందులో ఉండవు. ఆన్‌లైన్ క్లాసులో కెమెరా, వీడియో ఇబ్బంది పెట్టొచ్చు. దాదీ వినే ఖురాన్ తిలావత్ ఫైలు తెరవాలన్నా వేరే ప్లేయర్ వెతుక్కోవాలి. చివరికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే మీడియా ఫీచర్ ప్యాక్ మళ్ళీ వేసుకోవాల్సిందే. పైగా ఇక్కడ ల్యాప్‌టాప్‌తో వచ్చే హోమ్ లైసెన్స్ కీ ఎన్ ఎడిషన్‌కి పనిచేయదు. అక్కర్లేనిది వీడియో చూపించే శక్తి కాదు, అడగకుండా చూపించే అలవాటు.

అంతకంటే ప్రమాదం 'లైట్ విండోస్'. అన్నీ తీసేసిన, స్పీడుగా పరిగెత్తే విండోస్ అంటూ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. ముఖ్యంగా 'డాస్' ల్యాప్‌టాప్ కొన్నవాళ్ళకి, అంటే విండోస్ లేకుండా కొన్ని వేలు తక్కువకి వచ్చేవాటికి, ఇదే అంటగడతారు. అందులోంచి ఏం తీశారో, ఏం కలిపారో తెలియదు. కొన్నిటిలో సెక్యూరిటీ అప్‌డేట్లే ఆపేసి ఉంటాయి. ఆ మెషీన్ మీదే కాలేజీ ఫీజు కడతారు, బ్యాంకు పాస్‌వర్డ్ కొడతారు. ఆదా అయిన డబ్బు కంటే పోయేది ఎక్కువ కావచ్చు.

డాస్ ల్యాప్‌టాప్ కొంటే నిజాయితీ దారి ఒకటుంది: ఉబుంటు. ఉచితం, ప్రకటనల వార్తాపట్టీ ఉండదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే తక్కువ యాప్‌లతో వేసుకునే ఎంపిక ఉంటుంది. అదనపు మీడియా ఫార్మాట్ల టిక్ మార్కు పెట్టాలా వద్దా అన్నది మిమ్మల్నే అడుగుతుంది, క్లాసు వీడియోలు చూడాలంటే పెట్టుకోవడమే మంచిది. కోడింగ్ నేర్చుకునే పిల్లలకి బాగా పనికొస్తుంది. బీకాం పిల్లలు మాత్రం ఆగాలి. టాలీ విండోస్ కోసం తయారైంది, ఉబుంటులో నేరుగా ఎక్కదు.

ఇంట్లో వైఫై లేకుండా ఫోన్ హాట్‌స్పాట్ మీదే నడిపేవాళ్ళు కనెక్షన్ ప్రాపర్టీస్‌లో 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేయండి. లేకపోతే అప్‌డేట్లు రోజు డేటా మొత్తం మధ్యాహ్నానికే తాగేస్తాయి. అలాగని అప్‌డేట్లు పూర్తిగా వదిలేయకూడదు, వారానికోసారి ఏ బంధువుల ఇంటి వైఫై మీదో చేయించాలి.

స్కూలు పిల్లలుంటే వాళ్ళకి విడిగా చైల్డ్ అకౌంట్ తెరిచి ఫ్యామిలీ సేఫ్టీలో టైము, సైట్లు కట్టడి చేయొచ్చు. ఆ ఫిల్టర్ ఎడ్జ్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, ఫిల్టర్ ఆన్‌లో ఉంటే చాలావరకు మిగతా బ్రౌజర్లని ఆపేస్తుంది. జేబులో ఫోన్ ఉన్న పంతొమ్మిదేళ్ళ అబ్బాయికి మాత్రం ఇది పెట్టి లాభం లేదు, అక్కడ అబ్బా కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

విండోస్‌కి ఏడాదికోసారి పెద్ద అప్‌డేట్ వస్తుంది. అది అయ్యాక తీసేసిన యాప్ ఒకటో రెండో మళ్ళీ ప్రత్యక్షం కావొచ్చు, ఆపిన స్విచ్ మళ్ళీ ఆన్ కావొచ్చు. అప్పుడు ఇదే వరుసలో ఇంకోసారి చూసుకుంటే పది నిమిషాల పని.