నీటి కయ్యలో నిప్పు

కురుడుమలె 13 అడుగుల పైచిలుకు ఏకశిలా గణపతిని చూడటానికి ముళబాగిలు నుంచి వెళ్లేవాళ్లు ఈసారి దారిపక్క చెరువుల్నీ చూడండి. ఈ కోలారు జిల్లాకు పెద్ద జీవనది లేదు. చెరువు కింది కయ్యలకు తూము తెరిచి నీళ్లు పంచేవాడు నీరుగంటి. నిలబెట్టిన నీరే కలుపును అణిచేది.

మరి వరికి నిప్పు కూడా పెట్టేవారని తెలుసా? కొంకణంలో దాన్ని ‘రాబ్’ అంటారు. వానలకు ముందే నారుమడి మీద పేడ, కొమ్మలు, ఆకులు పరిచి, పైన మట్టి చల్లి కాలుస్తారు. కలుపు గింజలు మాడిపోతాయి. బూడిదలోని పొటాష్ నారుకు అందుతుంది, వేడి తగిలిన మట్టిలోంచి నత్రజని త్వరగా విడుదలవుతుంది. మలెనాడు రైతుల ‘సుడుమణ్ణు’ కూడా ఇలాంటిదే: మట్టిని కాల్చి పొలానికి చల్లుతారు. రాబ్ మడి చిన్నదే అయినా దాని కోసం చుట్టూ ఉన్న చెట్ల కొమ్మలన్నీ నరకాలి. బ్రిటిష్ కాలంలో రాబ్ రైతులకూ అటవీశాఖకూ తగవు వచ్చింది అందుకే.

కయ్యంతా తగలబెడితే లెక్క తారుమారవుతుంది. టన్ను వరిగడ్డి కాలిస్తే సుమారు 5.5 కిలోల నత్రజని నేలకు దక్కకుండా పోతుందని అంచనా. పొగతో 3 కిలోల సన్నటి ధూళి ఊరి మీద పడుతుంది. పాడి ఉన్న కోలారులో గడ్డి అంటే వామి, ఆవు మేత. దాన్ని కాల్చడం నాకు అన్నం పారబోసినట్టే ఉంటుంది. అలాగని పచ్చిగడ్డిని నీళ్లలోనే తొక్కినా మీథేన్ పెరుగుతుంది. పేడతో కలిపి మాగబెట్టి వేస్తే ఆ బెడద తగ్గుతుంది.

ఇండోనేసియాలోని దక్షిణ సుమత్రాలో ‘సొనోర్’ అనే సేద్యం ఉంది. కరువు ఏడాది ఎండిన చిత్తడిని కాల్చి, బూడిదలో వడ్లు చల్లుతారు. అక్కడిది పీట్ నేల, అంటే వేల ఏళ్లుగా పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న మొక్కల పొర. నిప్పు పెడితే నేలే కాలుతుంది, వారాల తరబడి లోలోపల రాజుకుంటుంది. 2015లో ఆ దేశంలో దాదాపు 26 లక్షల హెక్టార్లు కాలాయి. అందులో తోటల కంపెనీల వాటా కూడా ఉంది. మన చెరువు ఒండు బంకమట్టి, అది అలా కాలదు. వేసవిలో తవ్వి బండ్లకెత్తి పొలానికి తోలితే ఎరువవుతుంది.

నీటికే నిప్పంటుకున్న చోటొకటి మనకు దగ్గర్లోనే ఉంది. బెంగళూరు బెళ్లందూరు చెరువు 2018 జనవరిలో తగలబడితే ఆర్పడానికి సైన్యం దిగింది. ఆ చెరువున్న లోయ మురుగునీటినే శుద్ధి చేసి, అదే ఏడాది నుంచి కోలారు చెరువులకు పంపుతున్నారు.