బార్‌కు నోటీసు.. గడువు మరవొద్దు!

మీ అమ్మాయో, అబ్బాయో అమెరికాలో ఉంటున్నారా? తాగి కారు నడిపిన వ్యక్తి ఢీకొట్టి గాయపడితే తప్పంతా ఆ డ్రైవరుదే అనుకుంటాం. కానీ అక్కడి చాలా రాష్ట్రాల్లో, అప్పటికే మత్తులో ఉన్నవారికి మళ్లీ మద్యం పోసిన బార్‌ నుంచి కూడా పరిహారం కోరొచ్చు. వీటిని ‘డ్రామ్ షాప్’ చట్టాలంటారు. అయితే కొన్నిచోట్ల దావా వేయడానికి ముందే బార్‌కు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆసుపత్రి హడావుడిలో గడువు దాటిపోతే, న్యాయమైన కేసు కూడా వీగిపోవచ్చు.

ఎక్కడ ఎంత?

* కనెక్టికట్: గాయపడిన 120 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. మరణించినా, నోటీసు ఇవ్వలేని స్థితిలో ఉన్నా 180 రోజులు. దావాకు ఏడాదే గడువు.
* అయోవా: గాయపడిన ఆరు నెలల్లోగా బార్‌కు గానీ, దాని బీమా సంస్థకు గానీ.
* మిషిగన్: లాయరును పెట్టుకున్న నాటి నుంచి 120 రోజులు.
* మిన్నెసోటా: లాయరును పెట్టుకున్న నాటి నుంచి 240 రోజులు.

అన్ని రాష్ట్రాల్లో ఈ వీలుండదు. కాలిఫోర్నియాలో 21 ఏళ్లు నిండనివారు మత్తులో ఉన్నట్టు స్పష్టంగా కనిపిస్తున్నా మద్యం పోస్తేనే సాధారణంగా బార్‌పై దావాకు అవకాశం.

నోటీసులో ఏముండాలి?

కనెక్టికట్‌లోనైతే మద్యం ఎవరికి, ఏ రోజు, ఏ సమయంలో అమ్మారు, గాయపడినవారి పేరు, చిరునామా, ప్రమాదం ఎప్పుడు, ఎక్కడ జరిగిందన్నవి రాయాలి.

ముందు ఏం చేయాలి?

మొదట వైద్యం. తలకు దెబ్బ తగిలితే పైకి బాగానే కనిపించొచ్చు. తర్వాత వాంతులు, మగత, తీవ్రమైన తలనొప్పి, తికమక మొదలైతే వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. స్కాన్ రిపోర్టులు, బిల్లులు, మందుల చీటీలు ఒకేచోట దాచండి. రేపు అవే సాక్ష్యాలు.

రక్తంలో ఆల్కహాల్ గంటగంటకూ తగ్గిపోతుంది. కాబట్టి డ్రైవరుకు పోలీసులు పరీక్ష చేశారో లేదో అడిగి తెలుసుకోండి. బార్‌లోని సీసీ కెమెరా దృశ్యాలు కూడా కొన్నాళ్లకు చెరిగిపోతాయి. వాటిని భద్రపరచమని లాయరు ద్వారా త్వరగా కోరడం మంచిది.

గాయపడినవారు మంచం మీద ఉంటే ఈ పని చూసుకోవాల్సింది కుటుంబమే. ప్రమాదం జరిగిన రాష్ట్రంలోని లాయరును మొదటి వారాల్లోనే సంప్రదించండి. ‘కోలుకున్నాక చూద్దాంలే’ అనుకుంటే గడువు ఆగదు.